విదేశంలో ఒక సెమిస్టర్ ముగించుకొని అనంతపురం తిరిగివచ్చాక: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలోని హాలె నగరంలో, మార్టిన్ లూథర్ విశ్వవిద్యాలయంలో శీతాకాలపు సెమిస్టర్ చదివి అనంతపురానికి తిరిగివచ్చినప్పటి నుంచి తోటి విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ, మా ఊరి రైతులూ అడుగుతున్న ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను చదివేది నేలల శాస్త్రం కనుక కొన్ని సమాధానాలు మట్టి వైపూ, వాన వైపూ మళ్ళుతాయి. వేరే శాస్త్రం చదివేవారికి కూడా అవి పనికివస్తాయనే నా నమ్మకం.

ఒక్క సెమిస్టర్ కోసం అంత దూరం వెళ్ళడం అవసరమా?

కేవలం పాఠాల కోసమైతే అవసరం లేదు. నేలలో నత్రజని ఎలా మారుతుందో, నీరు ఎలా ఇంకుతుందో చెప్పే పుస్తకాలు అనంతపురంలోనూ దొరుకుతాయి, వాటిని చక్కగా బోధించే అధ్యాపకులూ ఇక్కడ ఉన్నారు. విదేశంలో చదివిన సెమిస్టర్ వల్ల నాకు కలిగిన ప్రయోజనం వేరు. నేను పుట్టి పెరిగిన కరువు నేలను, అక్కడి పరిస్థితులతో ఏ సంబంధమూ లేనివారికి మొదటి నుంచి వివరించవలసి వచ్చింది. వివరించబోయిన ప్రతిసారీ, మన నేల గురించి నాకు తెలుసుననుకున్నదానిలో ఎంత భాగం విన్నమాటో, ఎంత భాగం కొలిచి చూసినదో తేలిపోయింది. ఆ తేడాను గుర్తించడం నేర్చుకున్నందుకు ఈ ప్రయాణం అవసరమేనని చెబుతాను.

ఇంకా పెద్ద, పేరున్న నగరాలుండగా హాలెకే ఎందుకు వెళ్ళారు?

రెండు కారణాలున్నాయి. మొదటిది వాన. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. హార్జ్ పర్వతాల వర్షచ్ఛాయలో ఉన్న హాలెలో కురిసేది సుమారు 500 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ మాట చెబితే మా ఊరిలో ఎవరూ మొదట నమ్మలేదు, ఎందుకంటే అక్కడి ఫొటోలలో వారికి కనిపించింది పచ్చటి పొలాలూ, నిండుగా పారే జాలె నదీ. మన జిల్లా కూడా వర్షచ్ఛాయలోనే ఉంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. వాన దాదాపు ఒకే మోతాదులో ఉన్నా ఫలితం ఇంత భిన్నంగా ఉండడానికి కారణం ఆ వాన ఎప్పుడు, ఎలా కురుస్తుంది, కురిసిన తరువాత ఎంత కాలం నేలలో నిలుస్తుంది అన్నదే. హాలెలో వాన పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా పడుతుంది, చల్లటి వాతావరణంలో నెమ్మదిగా ఆవిరవుతుంది. మనకు ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపల కొద్ది రోజుల్లోనే కురిసి, పలుచటి ఎర్ర నేలల మీదుగా కొట్టుకుపోతుంది, నిలిచినదానిని ఎండ లాగేసుకుంటుంది. మన పూర్వులు ఇన్ని చెరువులు ఎందుకు తవ్వించారో నాకు హాలెలో కూర్చుని ఈ లెక్కలు వేస్తున్నప్పుడు మరింత స్పష్టంగా అర్థమైంది.

రెండవ కారణం ఒక పొలం. యూలియుస్ క్యూన్ అనే శాస్త్రవేత్త 1863లో ఈ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ విద్యకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేశాడు. 1878లో ఆయనే నగరంలో ఒక పొలంలో ఏటేటా రై అనే ధాన్యాన్ని మాత్రమే విత్తే ప్రయోగాన్ని ప్రారంభించాడు. కొన్ని మడులకు ఏ ఎరువూ వేయరు, కొన్నిటికి పశువుల ఎరువు మాత్రమే వేస్తారు, మరికొన్నిటికి రసాయన ఎరువులు వేస్తారు. 1961లో పొలంలో కొంత భాగాన్ని మొక్కజొన్నకూ, పంట మార్పిడికీ కేటాయించారు గాని, మిగిలిన భాగంలో రై సాగు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, దేశం రెండుగా విడిపోయి తిరిగి ఒకటయింది, ఆ నగరాన్ని పాలించిన ప్రభుత్వాలు ఎన్నో మారాయి. అయినా ఆ పొలంలో విత్తడమూ, కోయడమూ, తూచి రాసుకోవడమూ కొనసాగాయి. ఆ గట్టు మీద నిలబడినప్పుడు నాకు కలిగిన గౌరవం ఏ కట్టడాన్ని చూసినప్పుడూ కలగలేదు. అక్కడి జ్ఞానంలో ఎక్కువ భాగం మేధస్సు వల్ల కాక, విసుగు లేకుండా లెక్క రాసుకోవడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం.

అక్కడ ఏటేటా ఒకే పంట వేసినా పండుతున్నప్పుడు, మన చెనక్కాయకు ఏమైంది?

ఇది మా ఊరి రైతులు అందరికంటే ముందు అడిగిన ప్రశ్న, నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న కూడా. రై ధాన్యానికి తన తరువాత తానే పెరగగలిగే ఓర్పు ఎక్కువ. ఎరువు లేని మడుల్లో దిగుబడి చాలా తక్కువే గాని పంట మాత్రం నిలిచింది. వేరుశనగ అటువంటిది కాదు. అదే చేనులో మళ్ళీ మళ్ళీ వేస్తే ఆకుల మీద మచ్చలు తెచ్చే తిక్కాకు తెగులు కారకాలు రాలిన ఆకుల్లోనూ, చెత్తలోనూ నిలిచి తరువాతి పంటకు సిద్ధంగా ఉంటాయి. పంట అంతటా ఒకటే అయినప్పుడు తెగులుకు అడ్డు ఉండదనడానికి 2000 ఖరీఫ్‌లో మన జిల్లాలో వేరుశనగను తీవ్రంగా దెబ్బతీసిన కాండం కుళ్ళు వైరస్ తెగులే సాక్ష్యం. ఆ వైరస్ గట్ల మీది వయ్యారిభామ కలుపు మొక్కల పుప్పొడితో చేరి, తామర పురుగుల వల్ల మొక్కల్లోకి ప్రవేశించింది. దీనికి తోడు మన వేడికి నేలలోని సేంద్రియ పదార్థం వేగంగా కరిగిపోతుంది. హాలెలో పశువుల ఎరువు వేసిన మడుల్లో దశాబ్దాల తరబడి నేల సారం పెరిగింది, మన దగ్గర అదే ఫలితం రావాలంటే ఎరువు ఒక్కటే చాలదు, నేలను ఎండకు వదలకుండా కప్పి ఉంచే పైరూ కావాలి.

ఒక విషయం మాత్రం తప్పక చెప్పాలి. ఆ రై పొలం రైతులకు ఆదర్శంగా చూపడానికి పెట్టినది కాదు, తెలుసుకోవడానికి పెట్టినది. వేరుశనగలో కంది సాళ్ళు వేయమని మన పరిశోధనా కేంద్రాలు చెబుతున్న సలహా మన నేలకు సంబంధించినది, దానిని పక్కన పెట్టి పరాయి పొలాన్ని అనుకరించడం సరికాదు.

తరగతి గదిలో మీరు గమనించిన ముఖ్యమైన తేడా ఏమిటి?

పది గంటలకు అని రాసిన తరగతి పదింపావుకు మొదలవుతుంది. దానికి సమయపట్టికలో c.t. అనే సంకేతం ఉంటుంది, అది తెలియనివారు ఖాళీ గదిలో ఎదురుచూస్తారు. పాఠం ముగియగానే విద్యార్థులు చప్పట్లు కొట్టరు, పిడికిలితో బల్లను తడతారు. ఇవి చిన్న విషయాలు.

పెద్ద విషయం ప్రశ్నకు ఇచ్చే విలువ. చర్చా తరగతుల్లో ఒక పరిశోధనా పత్రాన్ని ముందుగా చదువుకొని రావాలి. అందులో నచ్చినదేమిటో కాక, అందులో ఏది నిరూపణ కాలేదో చెప్పమంటారు. ఆచార్యుడు కూడా తనకు తెలియని సంగతిని తెలియదని తేలికగా ఒప్పుకొని, తరువాతి వారం వెతికి తెస్తాడు. మన దగ్గర తెలియదని చెప్పడాన్ని అవమానంగా భావించే అలవాటు విద్యార్థుల్లోనూ ఉంది, పెద్దల్లోనూ ఉంది. ఆ అలవాటు ఉన్నంత కాలం తరగతి గది నిశ్శబ్దంగా ఉంటుంది గాని చదువు ముందుకు సాగదు. తిరిగివచ్చాక నేను మా తరగతిలో ప్రశ్నలు అడుగుతున్నాను, అధ్యాపకులు సంతోషంగానే జవాబు ఇస్తున్నారు. అడ్డు మనలోనే ఉందని నాకు అనిపిస్తోంది.

1.7 అంటే మంచి మార్కా, చెడ్డ మార్కా?

చాలా మంచి మార్కు. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 వరకు ఉత్తీర్ణత, 5.0 వస్తే తప్పినట్టు. మన పది పాయింట్ల పద్ధతికి ఇది తలకిందులుగా ఉంటుంది కనుక, ఇంటికి ఫోన్ చేసి మార్కు చెప్పే ముందు ఈ సంగతి వివరించడం మంచిది. మా నాయనకు పూర్తిగా అర్థమయ్యేలా చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.

అక్కడ సంపాదించిన క్రెడిట్లు మన విశ్వవిద్యాలయంలో లెక్కలోకి వస్తాయా?

ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకున్నవి వస్తాయి. ఐరోపా పద్ధతిలో ఒక సెమిస్టర్ నిండు చదువుకు 30 క్రెడిట్లు, జర్మనీలో ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ లెక్క. ఇందులో తరగతిలో కూర్చునే సమయమే కాక, ఇంట్లో చదువుకునే సమయమూ కలిసి ఉంటుంది. కనుక మన క్రెడిట్‌నూ వారి క్రెడిట్‌నూ ఒకటిగా భావించకూడదు. ఏ పాఠానికి బదులుగా ఏ పాఠం, ఎన్ని క్రెడిట్లు, మార్కును ఏ పట్టిక ప్రకారం మారుస్తారు అనే మూడు సంగతులూ బయలుదేరక ముందే రెండు విశ్వవిద్యాలయాల సంతకాలతో మీ చేతిలో ఉండాలి. అక్కడికి వెళ్ళాక ఏదైనా పాఠం మారితే ఆ వారమే సవరణ పత్రం పంపండి.

జర్మన్ భాష రాకపోతే గడుస్తుందా?

విశ్వవిద్యాలయం లోపల ఆంగ్లంతో చాలావరకు గడుస్తుంది, అయితే ఆంగ్లంలో బోధించే పాఠాల సంఖ్య పరిమితం కనుక ఎంపిక తగ్గుతుంది. బయట, ముఖ్యంగా హాలె వంటి తూర్పు జర్మనీ నగరాల్లోని కార్యాలయాల్లో, భాష కొంతైనా రాకపోతే ఇబ్బందే. వెళ్ళేముందు ప్రాథమిక స్థాయి అయినా నేర్చుకోండి. తప్పులతో మాట్లాడినా అక్కడివారు ఓపికగా విని, సరిచేసి, సంభాషణ కొనసాగించారు.

చలికాలంలో ఒంటరితనం ఎలా ఉంటుంది?

దీనిని తేలికగా తీసుకోవద్దని చెప్పడానికే ఈ సమాధానం. డిసెంబరులో హాలెలో ఉదయం ఎనిమిది దాటాక తెల్లవారుతుంది, సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. మన ఊళ్ళో చలికాలం కూడా ఎండలోనే గడిచే మనుషులకు ఇది శరీరానికీ, మనసుకూ బరువైన మార్పు. సెమిస్టర్ మొదట్లో దీపావళి, మధ్యలో సంక్రాంతి తరగతుల హడావుడిలోనే వచ్చిపోతాయి. అన్నిటికంటే కష్టమైన కాలం క్రిస్మస్ సెలవులు. వసతి గృహంలోని జర్మన్ విద్యార్థులందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు, దుకాణాలు మూసి ఉంటాయి, వీధుల్లో మనిషి అలికిడి తగ్గిపోతుంది. ఆ రోజులకు ముందే తోడు చూసుకోవాలి. ఇళ్ళకు వెళ్ళలేని ఇతర దేశాల విద్యార్థులతో కలిసి వంట చేసుకోవడం, పగటి వెలుగు ఉన్న ఆ కాసేపూ తప్పనిసరిగా నదీ తీరాన నడవడం నాకు మేలు చేశాయి.

ఇంటికి ఫోన్ చేసే విషయంలో ఒక మాట. చలికాలంలో మన సమయం అక్కడికంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, అక్టోబరు చివరి ఆదివారం వరకు ఆ తేడా మూడున్నర గంటలే. అక్కడ తరగతులు ముగించుకొని గదికి చేరేసరికి మన ఊళ్ళో అవ్వ నిద్రపోయి ఉంటుంది. అందుకే మధ్యాహ్నం భోజన విరామాన్ని ఇంటి ఫోన్‌కు కేటాయించాను. మనసు కుంగినప్పుడు దాచుకోకుండా విశ్వవిద్యాలయంలోని సలహా కేంద్రానికి వెళ్ళండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

తిండి సంగతి?

బియ్యం, పప్పులు, కారం అన్నీ దొరుకుతాయి. విద్యార్థుల భోజనశాలలో శాకాహారం కూడా ఉంటుంది. ఆదివారం దుకాణాలు ఉండవు కనుక శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. రాగిపిండి ఇంటి నుంచి పట్టుకెళ్ళండి.

ఖర్చు ఎంత అవుతుంది? అక్కడ పని చేసుకోవచ్చా?

వీసా కోసం చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలుగా ఉంది. ఉపకార వేతనం ఉన్నవారికి ఆ పత్రమే ఆధారం అవుతుంది. విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం మీద వెళ్ళేవారికి సాధారణంగా బోధనా రుసుము ఉండదు, సెమిస్టర్ చందా మాత్రం ఉంటుంది. ఆరోగ్య బీమా తప్పనిసరి. మన దేశపు విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజుల వరకు పని చేయడానికి 2024 మార్చి నుంచి చట్టం అనుమతిస్తోంది. అయినా ఒక్క సెమిస్టర్ కోసం వెళ్ళినవారు పనిలో చేరవద్దనే నా సలహా. ఉన్న సమయమే తక్కువ, దానిని గంటల కూలికి ఇచ్చివేస్తే వెళ్ళిన ప్రయోజనం నెరవేరదు. చేనును కుదువబెట్టి మరీ పంపాలనుకునే కుటుంబాలకు కూడా నేను ఒక మాట గట్టిగా చెబుతున్నాను: ఉపకార వేతనం దొరికే వరకు ఆగండి, ఒక సెమిస్టర్ కోసం భూమిని పణంగా పెట్టవద్దు.

అమ్మాయిని ఒంటరిగా పంపవచ్చా?

పంపవచ్చు. నాతో పాటు చదివిన విదేశీ విద్యార్థుల్లో అమ్మాయిలు చాలామందే ఉన్నారు, రాత్రి గ్రంథాలయం నుంచి ట్రాములో వారంతట వారే గదులకు వెళ్ళేవారు. ఏ నగరంలోనైనా ఉండవలసిన జాగ్రత్త అక్కడా ఉండాలి, అత్యవసర నంబరు 112. తల్లిదండ్రులు రోజూ నాలుగుసార్లు ఫోన్ చేసి భయాన్ని పంచడం కంటే, వెళ్ళేముందే డబ్బు వ్యవహారాలూ, కార్యాలయాల పనులూ అమ్మాయి చేతనే చేయించి అలవాటు చేయడం ఎక్కువ రక్షణ ఇస్తుంది.

హాలెలో తెలుగువారు ఉన్నారా?

విద్యార్థులు కొందరు ఉన్నారు. అయితే ఆ నగరానికి తెలుగుతో ఉన్న సంబంధం అంతకంటే చాలా పాతది. మద్రాసులో మత ప్రచారకుడిగా పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ హాలెకు తిరిగివెళ్ళాక, 1746లో అక్కడే తెలుగు పుస్తకాలను అచ్చు వేయించాడు. తెలుగులో తొలి ముద్రిత పుస్తకాలుగా చెప్పేవి అవే. బ్రౌన్ దొర కడపలో అడుగుపెట్టడానికి సుమారు ముప్పావు శతాబ్దం ముందే ఆ నగరంలో మన అక్షరాలు అచ్చయ్యాయి. షుల్జ్ పనిచేసిన, అనాథాశ్రమమూ పాఠశాలలూ కలిసిన ఫ్రాంకె సంస్థల భవనాలు ఈనాటికీ ఉన్నాయి, వాటి ప్రాంగణంలో నడిచినప్పుడు నేను పరాయి చోట ఉన్నాననే భావన తగ్గింది. మన సీమ నుంచి వెళ్ళే ఏ విద్యార్థి అయినా చూడవలసిన చోటు అది.

పరీక్షలు అయిపోగానే బయలుదేరవచ్చా?

బయలుదేరవచ్చు గాని, సెమిస్టర్ అంతటితో ముగిసినట్టు కాదు. తరగతులు ఫిబ్రవరి మొదట్లో ముగిసి ఆ నెలలో పరీక్షలు జరుగుతాయి, అధికారికంగా సెమిస్టర్ మార్చి 31 వరకు ఉంటుంది. మార్కుల పత్రం చేతికి రావడానికి వారాలు పడుతుంది కనుక దానిని ఎవరి నుంచి, ఏ రూపంలో పొందాలో ముందే రాయించుకోండి. నివాసం నమోదును రద్దు చేయించుకోవాలి, ఈ దరఖాస్తును ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి ఇవ్వవచ్చు. ఆ రద్దు పత్రం ఉంటేనే బీమానూ, ఇంటింటికీ వసూలు చేసే ప్రసార రుసుమునూ ఆపించడం సులభం అవుతుంది. గది బయానా తిరిగివచ్చే వరకు బ్యాంకు ఖాతాను మూయవద్దు.

ఇంకొక పని ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. చివరి వారంలో ప్రతి అధ్యాపకుణ్ణీ విడిగా కలిసి, మీ ప్రాంతపు సమస్య ఒకటి వారి ముందు పెట్టి, దానిమీద చదవవలసినవేమిటో అడగండి. నేను తెచ్చుకున్నవాటిలో అత్యంత విలువైనది అలా దొరికిన పఠన పట్టికే.

తిరిగివచ్చాక ఇక్కడ సర్దుకోవడం కష్టంగా ఉందా?

బెంగళూరు విమానాశ్రయం నుంచి అనంతపురం బస్సులో వస్తున్నప్పుడు ఎండ ముఖానికి తగలడం ఎంతో హాయిగా అనిపించింది. కష్టం తరువాత మొదలైంది. చుట్టాలు రెండే ప్రశ్నలు అడుగుతారు: ఎంత సంపాదించావు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళిపోతావు. అక్కడే ఉండిపోవడాన్ని విజయంగానూ, తిరిగిరావడాన్ని వైఫల్యంగానూ చూసే ఆలోచన మన జిల్లాలో బలంగా ఉంది. పొట్టకూటి కోసం తరతరాలుగా వలస వెళ్ళిన ప్రాంతంలో అలాంటి ఆలోచన ఉండడాన్ని నేను తప్పుపట్టను. నా జవాబు మాత్రం ఇది: నేను చదవదలచుకున్న నేల ఇక్కడ ఉంది. మరింత చదువు కోసం మళ్ళీ వెళ్ళవచ్చు, అయినా నా పరిశోధన రాయలసీమ మెట్ట నేలల మీదే ఉంటుంది.

ఇప్పుడు మా చేనులో ఒక మూల చిన్న మడులుగా విభజించి, ఒకదానిలో వేరుశనగ మాత్రమే, ఒకదానిలో వేరుశనగతో కంది, ఒకదానిలో నవధాన్యాలు వేసి, వాన కొలతనూ దిగుబడినీ పుస్తకంలో రాయడం ప్రారంభించాము. పుస్తకం నాయన చేతిలో ఉంటుంది. నేను చదువు కోసం ఊరు విడిచి ఉన్న రోజుల్లో కూడా లెక్క ఆగకూడదు కనుక ఆ ఏర్పాటు.

వెళ్ళబోయేవారు అనంతపురం నుంచి ఏం పట్టుకెళ్ళాలి?

బట్టల జాబితా అందరూ ఇస్తారు. నేను చెప్పేది వేరే. మీ మండలం వర్షపాతం వివరాలు కనీసం ఇరవై ఏళ్ళవి సేకరించండి. మీ పొలం భూసార పరీక్ష పత్రం నకలు పెట్టుకోండి. మీ ఊరి చెరువు ఎప్పుడు నిండింది, బోరు ఎన్ని అడుగులకు దిగింది అన్నది పెద్దవారిని అడిగి, సంవత్సరంతో సహా రాసుకోండి. వ్యవసాయం కాక వేరే చదువైతే, ధర్మవరం మగ్గాల గురించో, తాడిపత్రి నాపరాళ్ళ గురించో అదే విధంగా సమాచారం సిద్ధం చేసుకోండి. చర్చా తరగతిలో మీ ప్రాంతం గురించి చెప్పమని మొదటి నెలలోనే అడుగుతారు, అప్పుడు అంకెలు చేతిలో ఉన్న విద్యార్థి మాట తక్కిన సెమిస్టర్ అంతా చెల్లుతుంది. ఈ సేకరణకు కనీసం మూడు నెలలు పడుతుంది కనుక, వీసా పనులతో పాటే మొదలుపెట్టండి.